మొగల్తూరు రొయ్యల చెరువులు

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం చూడబోయినవాళ్ళు వశిష్ఠ గోదావరి రేవూ, అక్కడి లేసు అల్లికలూ చూసి సాధారణంగా తిరుగు బస్సు ఎక్కేస్తారు. పిల్లలూ, మీరు వెళ్ళినప్పుడు అలా చెయ్యకండి. అక్కడినుంచి పడమరగా మొగల్తూరు మీదుగా పేరుపాలెం సముద్రతీరానికి పోయే దారి ఒకటి ఉన్నది. మొదట వరిచేలూ, కొబ్బరితోటలూ కనిపిస్తాయి. సముద్రం దగ్గర పడుతున్నకొద్దీ వరి తగ్గిపోయి, నేలంతా చదరంగం పలకలాగా గళ్ళు గళ్ళుగా మారిపోతుంది. ఒక్కొక్క గడీ ఒక్కొక్క చెరువు. ప్రతి చెరువులోనూ రెక్కల చక్రాలు గిరగిరా తిరుగుతూ, కవ్వం మజ్జిగను చిలికినట్టు నీళ్ళను చిలుకుతూ ఉంటాయి. ఇవి రొయ్యల చెరువులు. భారతదేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువగా రొయ్యలను పెంచేది మన ఆంధ్రప్రదేశే.

ఈ చెరువులకు ప్రాణం కాలువ. సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పోటుతో కాలువల్లోకి ఎక్కుతుంది; రెండుసార్లు ఆటుతో దిగిపోతుంది. పైనుంచి వచ్చే మంచినీరూ, కిందినుంచి వచ్చే ఉప్పునీరూ కలిసి, రొయ్యకు ఇష్టమైన చప్పటి ఉప్పునీరు అవుతుంది. రైతులు పంపులు పెట్టి ఆ నీటిని చెరువుల్లోకి తోడుకుంటారు. పంట అయిపోయాక చెరువులోని నీటిని మళ్ళీ ఆ కాలువలోకే వదులుతారు. అంటే ఒకరు వాడి పారబోసిన నీళ్ళు మరొకరికి కొత్తనీళ్ళు. ఈ సంగతి బాగా జ్ఞాపకం పెట్టుకోండి. నేను చెప్పబోయే కథంతా ఈ కాలువలోనే ఉన్నది.

ఒకప్పుడు మా బడిలో చదువుకున్న కుర్రవాడు ఇప్పుడు అక్కడ మూడు చెరువులు కౌలుకు తీసుకొని రొయ్యలు పెంచుతున్నాడు. కుర్రవాడంటే కుర్రవాడు కాదు, నలభై ఏళ్ళు దాటినవాడే. మాకు శిష్యులెప్పుడూ కుర్రవాళ్ళే! అతను నన్ను గట్టు ఎక్కించబోతూ ఆగిపోయాడు. అక్కడొక సిమెంటు తొట్టి నిండా ఊదారంగు నీళ్ళున్నాయి.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి, తమరు ఇందులో కాళ్ళు ముంచి రావాలండి," అన్నాడు.

"గుడిలోకి పోయేటప్పుడు కాళ్ళు కడుక్కోవడం ఎరుగుదును. రొయ్యలకు కూడానట్రా?" అన్నాను.

"ఆయ్! వేరే చెరువు గట్టు బురద తమ చెప్పులకు అంటుకుని ఉంటే, దాంతో రోగం కూడా వస్తుందండి. పక్కవాళ్ళ వల కూడా మేము తెచ్చుకోం. ఎవరి వల వారిదే," అన్నాడు.

తొట్టిలోది పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీరు. కాళ్ళు ముంచి గట్టెక్కి చూద్దును గదా, చెరువు చుట్టూ మోకాటి ఎత్తున సన్నని వల కట్టి ఉన్నది. అది పీతలు రాకుండా. చెరువుపైన ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా తాళ్ళు లాగి కట్టి ఉన్నాయి. అవి కొంగలూ, నీటికాకులూ వాలకుండా. నీళ్ళు లోపలికి వచ్చే గొట్టానికి సంచీలాగా గుడ్డవల తొడిగి ఉన్నది. ఒక కోటకు ఎన్ని కట్టుదిట్టాలుంటాయో అన్నీ ఉన్నాయి. వచ్చే శత్రువు మాత్రం కంటికి కనిపించనంత చిన్నది.

అతను నీళ్ళలోనుంచి ఒక పళ్ళెంలాంటి వలను పైకి లాగాడు. దాన్ని చెక్ ట్రే అంటారు. దానిలో కాస్త మేత వేసి నీటి అడుగుకు దించుతారు. రెండు గంటలయ్యాక తీసి చూస్తే రొయ్యలు ఎంత తిన్నాయో, ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది. ట్రేలో పది పదిహేను రొయ్యలు చిటపటమంటూ ఎగిరాయి. అవి గాజుబొమ్మల్లాగా ఉన్నాయి. వీపు వెంబడి నల్లని గీత ఒకటి కనిపిస్తుంది. అది దాని పేగు. పేగు నిండుగా, నల్లగా ఉంటే రొయ్య బాగా తింటున్నదన్నమాట. గుండె తల పెంకు కింద ఉంటుంది. మన రక్తంలో ఇనుము ఉన్నది కనుక ఎర్రగా ఉంటుంది. రొయ్య రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది; దానిమూలాన గాలి తగిలినప్పుడు లేత నీలంగా కనిపిస్తుంది. పాము కుబుసం విడిచినట్టే రొయ్య కూడా పెరిగినప్పుడల్లా పాత పెంకు విడిచేస్తుంది. కొత్త పెంకు గట్టిపడేదాకా దాని ఒళ్ళు మెత్తగా, దిక్కులేనిదిగా ఉంటుంది.

రొయ్యకు మరొక పెద్ద లోటు ఉన్నది. మీ చిన్నతనంలో మీకు తట్టు రాకుండా టీకా వేశారు గదా. ఆ టీకాతో మీ ఒంట్లో ప్రతిరక్షకాలు తయారయి, ఆ రోగాన్ని గుర్తుపెట్టుకుని, మళ్ళీ వస్తే ఎదుర్కొంటాయి. రొయ్య ఒంట్లో ఈ ప్రతిరక్షకాలు తయారు కావు. దాని రక్తకణాలు శత్రువుతో పోరాడతాయి గాని, మనకు ఉన్నటువంటి జ్ఞాపకం వాటికి లేదు. చదరపు మీటరుకు 30 చొప్పున వేస్తే ఒక ఎకరం చెరువులో సుమారు 1,20,000 రొయ్యలుంటాయి. ఒక్కొక్కదాన్ని పట్టి సూదిమందు పొడిచేవాడెవడు? కనుక రొయ్యకు వచ్చిన రోగాన్ని కుదర్చడం దాదాపు లేదు. రాకుండా చూడడమొక్కటే ఉన్నది. బజారులో రంగు రంగుల రొయ్యబొమ్మలు వేసిన సీసాలు కావలసినన్ని అమ్ముతారు. వైరస్ రోగానికి వాటివల్ల ఒరిగేదేమీ ఉండదు. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ వంటి మందులు రొయ్యల పెంపకంలో వాడకూడదని ప్రభుత్వం నిషేధించింది. వాటి జాడ కనిపిస్తే విదేశాలవాళ్ళు ఓడలోని సరుకు సరుకంతా తిప్పి పంపేస్తారు.

ఇక ఆ శత్రువు సంగతి. దాని పేరు తెల్లమచ్చ వైరస్. 1992 ప్రాంతంలో తైవాన్, చైనా తీరాలలో బయటపడి, 1994లో మన తూర్పుతీరానికి వచ్చింది. అప్పట్లో మనవాళ్ళు పెంచేది టైగర్ రొయ్య. పులిచారలుండే పెద్దరొయ్య అది. వరి వేస్తే పదేళ్ళకు రాని డబ్బు రొయ్య వేస్తే రెండేళ్ళకు వస్తుందని ఊళ్ళకు ఊళ్ళు చెరువులు తవ్విన కాలం. తెల్లమచ్చ సోకిన రొయ్య మేత మానేస్తుంది. నీరసించి గట్టు పక్కకు వచ్చి తిరుగుతుంది. కొన్ని ఎర్రబడతాయి. తల మీది పెంకు ఊడదీసి వెలుతురుకు పట్టి చూస్తే సుద్దముక్కతో పెట్టినట్టు తెల్లని చుక్కలుంటాయి. అటు తరవాత మూడు రోజులనుంచి పది రోజుల లోపల చెరువంతా ఖాళీ కావచ్చు. దీనికి తోడు, రొయ్యకు సాటి రొయ్యను తినే అలవాటు ఉన్నది. చచ్చినదాన్ని బతికినవి తింటాయి. తిన్నవాటికి రోగం అంటుకుంటుంది. కొంగ ఒక చచ్చిన రొయ్యను ముక్కున కరుచుకుపోయి మరో చెరువులో జారవిడిస్తే అక్కడ మొదలవుతుంది. పీతలు తాము చావకుండానే ఈ వైరస్‌ను మోసుకు తిరుగుతాయి. ఇది మనుషులకు సోకే రోగం కాదు, మీరేమీ భయపడనక్కరలేదు.

కాని ఆ ఏడు రోగాన్ని ఎక్కువ దూరం మోసింది కొంగలూ కావు, పీతలూ కావు. కాలువ! చెరువులో రొయ్యలు తేలగానే రైతు కంగారుపడి తూము ఎత్తేసేవాడు. దొరికినన్ని రొయ్యలు పట్టి అమ్ముకోవాలి, చెరువు ఖాళీచేసి మళ్ళీ వేసుకోవాలి, అని అతని తొందర. ఆ నీళ్ళు కాలువలో పడేవి. చెరువు నీటిలో ఈ వైరస్ కనీసం మూడు నాలుగు రోజులు బతికి ఉంటుంది. ఈలోగా ఎన్నిసార్లు పోటు వస్తుందో లెక్కకట్టండి. ప్రతి పోటుకూ ఆ నీరు ఇంకొకరి పంపు దగ్గరికి చేరేది.

దీనికి మందు కనిపెట్టిన కథ మొగల్తూరుకే చెందుతుంది. 2002లో మన దేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థా, ఆసియా దేశాల జలకృషి సంస్థా కలిసి ఈ ఊళ్ళో ఒక ప్రయత్నం మొదలుపెట్టాయి. మొదట చేరినవాళ్ళు అయిదుగురు రైతులు, 10 చెరువులు. శాస్త్రజ్ఞులు వాళ్ళకు కొత్త మందులేవీ ఇవ్వలేదు. ఒకే కాలువ నీళ్ళు వాడుకునేవాళ్ళంతా ఒక సంఘంగా ఏర్పడమన్నారు. అందరూ ఒకేసారి చెరువులు ఎండగట్టాలి. అందరూ కొద్ది రోజుల తేడాలో పిల్లలను వదలాలి. రొయ్యపిల్లలను ఎవరికి వారు కొనకుండా, కలిసి ఒకే హేచరీతో ఒప్పందం చేసుకుని, పరీక్ష చేయించిన పిల్లలనే తెచ్చుకోవాలి. ఎవరి చెరువులో రోగం వచ్చినా దాచకుండా అందరికీ చెప్పాలి. ఇంతే! మరుసటి సంవత్సరం 58 మంది రైతులు చేరారు. తరవాత చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. ఇటువంటి సంఘాలను దేశమంతటా ఏర్పాటు చెయ్యడానికి 2007లో ఒక జాతీయ కేంద్రమే పుట్టింది. దాని కార్యాలయం కాకినాడలో పెట్టారు.

రొయ్యపిల్లలకు పరీక్ష అన్నాను. అది ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి. కనుబొమ్మ వెంట్రుకంత రొయ్యపిల్లలో వైరస్ ఉన్నదీ లేనిదీ ఎంత మంచి కళ్ళున్నా కనిపించదు. 1983లో అమెరికాలో కారీ మల్లిస్ అనే శాస్త్రజ్ఞుడు పీసీఆర్ అనే ఉపాయం కనిపెట్టాడు. దానికే ఆయనకు 1993లో నోబెల్ బహుమానం వచ్చింది. వైరస్‌కు చెందిన జన్యుపదార్థపు తునక ఒక్కటి ఉన్నా సరే, దాన్ని యంత్రంలో రెండు చేస్తారు. రెండును నాలుగు, నాలుగును ఎనిమిది. ఇలా 30 సార్లు రెట్టిస్తే ఎంత అవుతుందో మీరే గుణించి చూడండి. నూరు కోట్లు దాటుతుంది! అప్పుడది సులువుగా దొరికిపోతుంది. తల్లిరొయ్యలను కూడా ఇలాగే పరీక్షిస్తారు. 2009నుంచి మన దేశంలో పసిఫిక్ తీరపు వనామీ రొయ్యను పెంచనిస్తున్నారు. విదేశాలనుంచి వచ్చే వనామీ తల్లిరొయ్యలను చెన్నై నీలాంకరైలో ఒక కేంద్రంలో విడిగా ఉంచి, పరీక్ష చేసిన తరవాతనే హేచరీలకు ఇస్తారు. ఈనాడు మీరు మొగల్తూరు దారిలో చూసే చెరువుల్లో చాలావాటిలో ఉండేది వనామీయే. తల్లి శుభ్రమైనదైనా, వదిలిన నీరు చెడ్డదైతే పిల్లకు రోగం తప్పదు. ఆ మాట రైతులకు మనకన్నా బాగా తెలుసు.

మా శిష్యుడు మూడు చెరువుల్లో ఒకదాన్ని రొయ్యలు వెయ్యకుండా ఖాళీగా ఉంచాడు. "అదేమిటిరా, కౌలు దండగ కాదూ?" అన్నాను. "అది నీళ్ళను నిలవబెట్టే చెరువండి. కాలువ నీళ్ళు ముందు అందులో పడాలి," అన్నాడు. అందులో బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. ఎండకు దాని బలం తగ్గిపోతుంది కనుక సాయంత్రంపూట చల్లుతారు. లెక్క ఇష్టమున్నవాళ్ళకు ఒక లెక్క: ఘనపు మీటరు నీటికి 60 గ్రాముల పౌడరు కావాలి. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్ళుంటే ఎంత పౌడరు పడుతుంది? సుమారు 243 కిలోలు వస్తే మీ లెక్క సరిపోయినట్టే. కొన్నాళ్ళు నిలవ ఉండి, బ్లీచింగ్ ఘాటంతా పోయాక గాని ఆ నీరు రొయ్యల చెరువుకు రాదు.

మరి చక్రాలు ఎందుకు తిరుగుతాయో చెప్పనేలేదు. పగలు నీటిలోని పచ్చని సూక్ష్మజీవులు ఎండ సహాయంతో ప్రాణవాయువును తయారుచేస్తాయి. రాత్రి అవి కూడా దాన్నే పీల్చుకుంటాయి. అందుచేత తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు అన్నివేళలకన్నా తక్కువగా ఉంటుంది. ఊపిరాడక నీరసించిన రొయ్యను రోగం సులువుగా పట్టుకుంటుంది. అందుకే నడిరాత్రి కరెంటు పోతే ఈ ఊళ్ళలో ఇళ్ళల్లో దీపంకన్నా ముందు గట్టు మీద జనరేటరు వెలుగుతుంది.

తెల్లమచ్చ ఒక్కటే అయితే బాగుండును. కొన్నేళ్ళుగా ఈహెచ్‌పీ అనే మరో పరాన్నజీవి వచ్చింది. ఇది రొయ్యను వెంటనే చంపదు; ఎదగనివ్వదు. మేత మామూలుగానే ఖర్చవుతుంది, రొయ్య మాత్రం పెరగదు. రైతుకు అప్పు పెరుగుతుంది. దాని విత్తులు అడుగు బురదలో దాగి, తరవాతి పంటకు కాచుకుని ఉంటాయి. అందువల్ల పంట తీయగానే అడుగు బురద ఎత్తిపోసి, నేల నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టి, కాల్చిన సున్నం హెక్టారుకు 6 టన్నులదాకా వేసి దున్నమని శాస్త్రజ్ఞులు చెబుతారు. తొందరపడి రెండు పంటల మధ్య విరామం ఇవ్వనివాడు దీని చేతికి చిక్కుతాడు.

ఇదంతా చెప్పుకుంటూ నడుస్తుండగా ఒక చెరువు దగ్గరకు వచ్చాము. దానిలో చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. తూముకు అడ్డంగా మట్టిబస్తాలు పేర్చి ఉన్నాయి. ఘాటైన బ్లీచింగ్ వాసన. గట్టు మీద యాభై ఏళ్ళ మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. మా శిష్యుడు ఆయన్ను "అన్నయ్యా" అని పలకరించి, నన్ను చూపించి, "మా మాస్టారు," అన్నాడు. ఆయన లేచి నమస్కారం చేశాడు.

పిల్లలను వదిలిన 43వ రోజున చుక్కలు కనిపించాయట. రొయ్యలు ఇంకా అమ్మే సైజుకు రాలేదు. పెద్దవైతే, తూము ఎత్తకుండా వలతో పట్టి అమ్ముకోవచ్చు. ఇవి చిన్నవి. కనుక నీళ్ళలోనే బ్లీచింగ్ పోసి రొయ్యలతోపాటు వైరస్‌ను కూడా చంపేశారు.

"తూము ఎత్తితే రెండు రోజుల్లో చెరువు ఖాళీ అవుతుంది గదా. ఎందుకు ఎత్తలేదు?" అని అడిగాను. నాకు జవాబు తెలుసు. అయినా ఆయన నోటివెంట వినాలనిపించింది.

"94లో మా నాన్నగారు ఎత్తారండి. ఆయనొక్కరే ఏమిటి, అందరూ ఎత్తారు. నేనప్పుడు ఇరవై ఏళ్ళవాణ్ణి, తూము దగ్గర నిలబడి పలకలు లాగింది నేనేనండి. ఎనిమిది రోజుల్లో ఈ కాలువ మీద ఒక్క చెరువు మిగల్లేదు," అన్నాడు. కొంచెం ఆగి, "మా అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల ఇది. పొద్దుటినుంచీ అదే ఆలోచన," అన్నాడు.

బ్లీచింగ్ ఖర్చు సంఘం పెట్టుకున్నది. మా శిష్యుడూ, ఇంకో ఇద్దరూ రాత్రంతా బస్తాలు మోశారు. కాని పోయిన పిల్లల ఖరీదూ, మేత ఖరీదూ, కౌలూ ఆయనవే. తొమ్మిదిమంది చెరువులు నిలబెట్టిన మనిషి నష్టాన్ని తానొక్కడే భరించడం నాకు న్యాయంగా తోచలేదు. సంఘంలో ఆ మాటే అన్నాను. మనిషికి ఇంత చొప్పున నిధి వేసుకోవాలని వాళ్ళు కూడా ఏడాదినుంచి అనుకుంటున్నారట. ఇంకా తేలలేదు. కాలువ చివర ఇద్దరు రైతులు అసలు సంఘంలోనే చేరలేదు. వాళ్ళు రాత్రిళ్ళు తూము ఎత్తుతారేమోనని మిగిలినవాళ్ళకు అనుమానం. వాళ్ళు ఎత్తడంలేదంటారు. నేను ఉన్న రెండు రోజుల్లో ఆ తగవు తీరలేదు.

ఇంకొక తగవు కూడా ఉన్నది. చెరువుల ఉప్పు ఊరి వరిచేలకూ, మంచినీళ్ళ బావులకూ ఎక్కుతున్నదని రైతుకూలీలు చాలాకాలంగా మొరపెట్టారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు సముద్రతీరపు రొయ్యల చెరువులమీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి, తీరప్రాంతపు చెరువులు నమోదు చేయించుకోవాలని నియమం పెట్టింది. రోగాన్ని అరికట్టేందుకు పనికివచ్చే పద్ధతే, అంటే వాడిన నీటిని నిలవబెట్టి శుభ్రంచేసి వదలడం, ఇరుగుపొరుగు వరిచేలకు కూడా కొంత మేలు చేస్తుంది. ఉప్పు సమస్య మాత్రం దానితో తీరదు.

ఆ చెరువు గట్టు మీద ఒక నల్లపలక పాతి ఉన్నది. సుద్దముక్కతో మూడు వరుసలు రాశారు. రోగం కనిపించిన తేదీ, బ్లీచింగ్ పోసిన తేదీ, తూము ఎత్తబోయే తేదీ. మూడోదానికి ఇంకా అయిదు రోజులున్నది. ఆ రోజు ఆటు సమయం చూసుకుని, అందరికీ చెప్పి నీళ్ళు వదులుతారు. ఆ పూట ఈ కాలువమీద ఎవరూ పంపు వెయ్యరు. నాలుగో వరుసలో, వేరే చేతిరాతతో, పక్క చెరువుల రొయ్యలను పరీక్షకు పంపినట్టు రాసి ఉన్నది. సీసాల్లో స్పిరిటు పోసి, ఒక్కొక్క చెరువునుంచి కొన్ని రొయ్యల చొప్పున పొద్దున్నే భీమవరం పంపారట.

మేము తిరిగి వచ్చే వేళకు పోటు మొదలయింది. కాలువలో నీళ్ళు నిండుగా, ఎదురుగా పారుతున్నాయి. పంపుల దగ్గర ఎవరూ లేరు. మా శిష్యుడు మాత్రం ఫోను చేత పట్టుకొని భీమవరంనుంచి జవాబు కోసం చూస్తూ, చెరువు చుట్టూ మరొకసారి నడవడానికి వెళ్ళాడు.